ముగ్గురాయి లెక్క తేలని ఏడాది

కర్నూలులో మా భౌతికశాస్త్ర విభాగం మేడమీద పడమటి చివర ఒక చల్లటి గది ఉండేది. ఓర్వకల్లు కొండరాళ్లు పెనంలా కాలే ఎండాకాలంలో కూడా ఆ గదిలోకి వెళ్లేటప్పుడు నేను భుజాల మీద శాలువా వేసుకునేదాన్ని. ఆ చలి గోడ వెంబడి నిలబెట్టిన కంప్యూటర్ల కోసం. అవి ఆగకుండా ఒకే శ్రుతిలో మోగుతూ ఉండేవి. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి ఆ మోతలో కూర్చుంటే కాసేపటికి గది కదులుతున్నట్టు, మనం ఎక్కడికో నెమ్మదిగా పోతున్నట్టు అనిపించేది. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం అలా మెలకువకీ నిద్రకీ మధ్యనే గడిచిందంటే ఇప్పుడు పరిశోధనలో చేరుతున్న పిల్లలు నవ్వుతారేమో. నవ్వినా పర్వాలేదు. మీకు చెప్పాలనుకున్న సంగతి ఆ గదిలోనే జరిగింది.

మాది రాయిని ముట్టుకోకుండా రాయి గురించి చెప్పే పని. ఒక స్ఫటికంలో ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో కంప్యూటర్‌కి చెబుతాం. దాన్ని నొక్కితే ఎంత బిగువుగా ఎదురు నిలుస్తుందో, వేడి చేస్తే ఏమవుతుందో అది లెక్క కట్టి చెబుతుంది. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఆ లెక్క మొదలుపెట్టే ముందు మనిషి తేల్చుకోవాల్సిన చిన్న చిన్న విషయాలు బోలెడు ఉంటాయి. ఏ పద్ధతి వాడాలి, ఎంత సన్నగా కొలవాలి, ఏ ఎలక్ట్రాన్లని లెక్కలోకి తీసుకోవాలి, వేటిని వదిలేయాలి. వీటినే మేం అమరికలు అంటాం. అమరిక మారితే జవాబు మారుతుంది.

నేను పదవీ విరమణ చేయడానికి ముందు నా దగ్గర ఆఖరిగా పరిశోధన చేసింది ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి. వాళ్లది సేద్యం చేసుకునే కుటుంబం. మాట తక్కువ. ఏదైనా అడిగితే ముందు కిటికీ వైపు చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేది. ఆ అమ్మాయి ఎంచుకున్నది మంగంపేట ముగ్గురాయి. అదే బెరైటీసు. కడప దాటి కోడూరు వైపు పోతుంటే రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద కూడా ఆ బూడిదరంగు పొడి పేరుకుని ఉంటుంది. చమురు బావులు తవ్వేవాళ్లకి ఆ పొడి కావాలి. చేతిలోకి తీసుకుంటే అంత చిన్న రాయికి అంత బరువా అని ఆశ్చర్యం వేస్తుంది. ఆ బరువు బేరియంది. ఆ రాయిలో బేరియం ఉండాల్సిన చోట అక్కడక్కడా స్ట్రాన్షియం వచ్చి చేరితే రాయి ఎంత గట్టిపడుతుంది? ఇదీ ఆ అమ్మాయి ప్రశ్న.

ఈ ప్రశ్నకి చాలా ఏళ్ల కిందటే ఒక పెద్దాయన జవాబు చెప్పి ఉన్నారు. కడపలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా సీమలో ఈ రకం లెక్కలు మొదలుపెట్టిన తొలి వాళ్లలో ఒకరు. ఆయన పరిశోధన పత్రంలో వచ్చిన సంఖ్యనే అందరూ ఉదాహరించేవారు. నేనూ క్లాసులో చెప్పేదాన్ని. ఆ అమ్మాయి తన పని మొదలుపెట్టే ముందు, అలవాటు ప్రకారం, ఆ పాత లెక్కని తాను ఒకసారి చేసి చూసుకుంది. ఆయన సంఖ్య రాలేదు. చాలా తక్కువ వచ్చింది.

"మళ్లా చెయ్యి," అన్నాను.

"చేసినా మేడం. శానాసార్లు చేసినా. అదే వస్తాండాది."

ఆమె దాని మీదే ముందుకు వెళ్లి సిద్ధాంత గ్రంథం పూర్తి చేసింది. దాన్ని పరిశీలించిన బయటి పరీక్షకుడు తిప్పి పంపాడు. ప్రచురితమైన విలువతో పునాదే కలవనప్పుడు పైన కట్టినదంతా అనుమానమే అని ఆయన అభిప్రాయం. ఆయన్ని తప్పుపట్టలేను. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే రాసేదాన్ని. ఆమెకిచ్చిన గడువులో ఒక్క పొడిగింపు మాత్రమే మిగిలింది.

ఆ రిపోర్టు వచ్చిన రోజు ఆమె చల్లటి గదిలో మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవలేదు. "మేడం, ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో అడుగుతాండారు. ఆడ చేరిపోతా. నా చేతిలో ఏదో లోపం ఉండాది, అదేందో నాకే తెలీడం లేదు," అంది. ఒక మనిషి తన చేతిని తానే అలా అనుమానించుకోవడం చూసి నాకు భయం వేసింది. పొడిగింపు తీసుకుందాం, అది అయ్యాక నీ ఇష్టం అన్నాను.

ఆ రోజుల్లోనే మా విభాగంలోకి భాషా నమూనాలు, పిల్లల మాటలో మోడళ్లు, వచ్చాయి. మనం రాసింది చదివి మనలాగే రాయగలిగే కంప్యూటర్ నమూనాలు. పిల్లలు వాటితో దరఖాస్తులు రాయించుకునేవారు, ఇంగ్లీషు దిద్దించుకునేవారు. మా కంప్యూటర్లని చూసుకునే సహోద్యోగి ఒకాయన ఉండేవారు. పాత కర్నూలు మనిషి, మాటలో ఉర్దూ తొణికేది. యంత్రాలని ఆయన పశువుల్ని చూసుకున్నట్టు చూసుకునేవారు. కరెంటు పోతే ముందు వాటి దగ్గరికి పరిగెత్తి, వెన్ను మీద చెయ్యి పెట్టి వేడి చూసేవారు. ఆయనే ఈ ఆలోచన చెప్పారు.

"మేడం, దీనికి పత్రం చదివే తెలివి ఉండాది. చదివి, లెక్కకు కావాల్సిన ఫైళ్లన్నీ తానే రాస్తాది. పెద్దాయన పత్రం దానికే ఇద్దాం. మనమేం చెప్పొద్దు. అదేం చేస్తాదో చూద్దాం. మన బేటీ చేతిలో లోపముంటే అట్లైనా తెలుస్తాది గదా."

పత్రం మొత్తం మోడల్‌కి ఇచ్చాం. అది చదివింది, ఫైళ్లు రాసింది, మా యంత్రాలకి పని అప్పజెప్పింది. వచ్చిన జవాబులు చూసుకుంటూ కొన్నాళ్లు తన పని తాను చేసుకుపోయింది. చివరికి ఒక ఉదయం పెద్దాయన సంఖ్యకి దాదాపు సరిపోయే సంఖ్య తెచ్చి మా ముందు పెట్టింది.

మాకు పండగే. మా సహోద్యోగి బయటికి వెళ్లి వేడి జిలేబీ తెచ్చారు. లెక్క దొరికింది, ఇంక ఆ అమరికలు తీసుకుని ఈ అమ్మాయి తన పని మళ్లీ చేసుకుంటే సరి. అందరం తింటున్నాం. ఆ అమ్మాయి మాత్రం జిలేబీ కాగితంలో అలాగే పట్టుకుని తెర ముందు కూర్చుంది. మోడల్ తాను వేసిన ప్రతి అడుగునీ రాసి పెట్టింది. ఆమె దాన్ని పైనుంచి చదువుతూ పోయింది. చాలాసేపటికి మా వైపు తిరిగింది.

"మేడం, ఇది జవాబు చూసి లెక్క చేసింది."

"అంటే?"

"పత్రంలో చెప్పని విషయాలు శానా ఉండాయి. ఒక్కోదానికి రెండు మూడు రకాలు చేసి చూసింది. ఏది సార్ సంఖ్యకి దగ్గరగా వస్తే దాన్ని ఉంచుకుంది. ఈడ రాసిందే చూడండి. మా తమ్ముడు టెన్తులో ఇట్లే చేసేటోడు. పుస్తకం వెనకాల జవాబు చూసుకుని, అది వచ్చేదాకా మధ్యలో గీకేటోడు."

మా సహోద్యోగి తినడం ఆపేశారు. "యా అల్లా! ఇది దొంగా?" అన్నారు.

దొంగ అనడానికి నాకు నోరు రాలేదు. అది దాచలేదు. చేసింది చేసినట్టు రాసింది. మేం పండగ తొందరలో చదవలేదు, అంతే. పైగా, పాత సంఖ్య దగ్గరికి వచ్చేదాకా అమరికలు మార్చి, రాగానే ఆపేయడం మా రంగంలో ఎవరూ పైకి చెప్పుకోని అలవాటు. ఎన్ని పత్రాల్లో ఎన్ని సంఖ్యలు అలా ఒకదాన్ని చూసి ఒకటి వరసగా నిలబడ్డాయో ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం ఆమె ఒక మాట అంది. అప్పటిదాకా నా దగ్గర అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

"మేడం, పత్రంలోంచి జవాబులన్నీ తీసేద్దాం. ఎట్ల చేసినారో చెప్పే భాగం మాత్రమే మోడల్‌కి ఇద్దాం. ఒకసారి గాదు. శానాసార్లు, ప్రతిసారీ ఏమీ తెలియనట్లు కొత్తగా మొదలుపెట్టిద్దాం. ఏ అమరిక పత్రంలో ఉండాది, ఏది తానే ఊహించుకున్నాది, విడివిడిగా రాయమందాం. అన్నిసార్లూ ఒకే సంఖ్య వస్తే పత్రం సరిగ్గా చెప్పినట్లు. అప్పుడు తప్పు నాదే, ఒప్పుకుంటా. రాకపోతే..."

ఆమె కిటికీ వైపు చూసింది.

ఆ ఎండాకాలమంతా ఆ పనే. బయట ఆకులు కదలని మధ్యాహ్నాలు. లోపల యంత్రాల మోత. ఒక్కో లెక్కకి రోజులు పట్టేవి. మోడల్ రాసిన ఫైళ్లని ఆ అమ్మాయి ఒక్కటీ వదలకుండా చదివేది. కొన్నింటిలో అది స్పష్టంగా పొరపాటు చేసేది. ఒకసారి స్ట్రాన్షియంని బేరియం చోట పెట్టకుండా దాని పక్కన ఇరికించింది. అలాంటివి ఆ అమ్మాయి తీసి పక్కన పెట్టేది. మిగిలినవి నడిచేవి. నేను శాలువా కప్పుకుని పక్కన కూర్చుని ఉండేదాన్ని. చేయడానికి పెద్దగా ఏమీ లేదు. కళ్లు మూసుకుంటే ఆ స్ఫటికం లోపల ఉన్నట్టే ఉండేది. చుట్టూ వరసలు వరసలుగా బేరియం పరమాణువులు, నిశ్శబ్దంగా, ఎవరి చోట వాళ్లు. వాటి మధ్య కొత్తగా వచ్చి సర్దుకుని కూర్చున్న స్ట్రాన్షియం ఒకటి. అది ఎవరిని ఎటు నెట్టిందో తెలుసుకోవడానికి ఇంతమందిమి ఇన్ని నెలలు. ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే ఆ అమ్మాయి అలాగే తెర ముందు ఉండేది.

జవాబు వచ్చినప్పుడల్లా ఆమె గోడకి అంటించిన కాగితం మీద ఒక చుక్క పెట్టేది. తొలకరి పడే నాటికి ఆ కాగితం నిండా చుక్కలే. కొన్ని పెద్దాయన సంఖ్య దగ్గర. కొన్ని ఆమె సంఖ్య దగ్గర. ఎక్కువ భాగం ఆ రెంటి మధ్య, ఎక్కడపడితే అక్కడ. ఒకే పత్రాన్ని ఒకే మోడల్ చదివి ఇన్ని రకాలుగా చేసింది. ప్రతి రకమూ పత్రంలో రాసిన దానికి లోబడే ఉంది.

ముఖ్యమైన తేడా ఎక్కడుందో కూడా అది రాసిన వివరాల్లోనే తెలిసింది. బేరియం పరమాణువులో లోపలి పొర ఎలక్ట్రాన్లని లెక్కలోకి తీసుకున్నారా, వదిలేశారా? స్ట్రాన్షియం వచ్చి చేరాక స్ఫటికం ఆకారాన్ని సర్దుకోనిచ్చారా, లేదా? ఈ రెండు చోట్లా పత్రంలో ఉన్నది ఒకటే మాట: 'ప్రామాణిక అమరికలతో'. ఆ మాట నేనూ నా పత్రాల్లో ఎన్నోసార్లు రాశాను. మీరూ రాస్తారు. రాసేటప్పుడు అదేమిటో మనకి తెలుసు. అందరికీ తెలుసనుకుంటాం.

మా సహోద్యోగి గోడ మీది కాగితాన్ని చాలాసేపు చూశారు. "అయితే బేటీ చేతిలో లోపం లేదు," అన్నారు.

ఆమె నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. "సార్‌ది తప్పని కూడా కాదు గదా. ఆయన్ని అడగాల," అంది.

పెద్దాయనకి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పడం నా వంతైంది. ఆయన పేరు చెబితే మా తరం అధ్యాపకులకి ఇప్పటికీ వెన్ను నిటారవుతుంది. సెమినార్లలో ఆయన ముందు వరసలో కూర్చుంటే మాట్లాడేవాళ్లు ప్రతి వాక్యం కాగితం చూసి చదివేవారు. చెప్పిన మాట రెండోసారి చెప్పడం ఆయనకి అలవాటు లేదు. వినని వాళ్లది తప్పు.

కడప బస్సెక్కాం. నంద్యాల దాటాక నల్లరేగడి పొలాలు అటూ ఇటూ చదునుగా, తడిసి, అంతులేకుండా ఉన్నాయి. దూరంగా నల్లమల నీలంగా, పలచగా, మబ్బుకి అంటుకున్నట్టు ఉంది. అది కొండో మబ్బో తెలియని చోట నాకు కునుకు పట్టింది. మైదుకూరులో బస్సు ఆగినప్పుడు మెలకువ వచ్చింది. ఆ అమ్మాయి కిందికి దిగి పాలకోవా కొనుక్కుని వచ్చింది. పెద్దవాళ్ల ఇంటికి ఉత్త చేతులతో పోతామా అంది. తర్వాత మళ్లీ బస్సు కదిలింది. ఆమె ఒళ్లో కోవా పొట్లం, సంచిలో ప్రశ్నలు రాసిన కాగితాలు.

పెద్దాయన ఇల్లు చల్లగా ఉంది. నున్నటి కడప బండల నేల. కిటికీ గూళ్లలో రాళ్లు పేర్చి ఉన్నాయి. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లారు. ఆయన వాలుకుర్చీలో ఉన్నారు, నేను గుర్తుంచుకున్న దానికంటే చిన్నగా.

"నా లెక్క తప్పని చెప్పేదానికి వచ్చినారా?" అన్నారు. పలకరింపు అదే.

నేను ఏదో మర్యాదగా మొదలుపెట్టబోయాను. ఆ అమ్మాయి నాకంటే ముందే అంది: "లేదు సార్. మీరు ఎట్ల చేసినారో అడిగేదానికి వచ్చినాం."

ఆయన ఆమెని కాసేపు చూసి చెయ్యి చాపారు. ఆమె కాగితాలు ఇచ్చింది. మోడల్ తన పత్రాన్ని ఇన్నిసార్లు చదివి ఇన్ని చోట్ల ఊహించాల్సి వచ్చిందని విని ముందు చిరాకుపడ్డారు. "యంత్రానికి అర్థం గాకపోతే నేనేం చేసేది?" అన్నారు. అయినా చదవసాగారు. మొదటి ప్రశ్నలకి వెంటవెంటనే చెప్పేశారు. ఆమె రాసుకుంది. రాను రాను జవాబుల మధ్య ఎడం పెరిగింది. బేరియం లోపలి పొర దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

"ప్రామాణికం అని రాసినా గదమ్మా."

"ఏ ప్రామాణికం సార్?"

బయట ఎవరో పాత ఇనుము కొంటామని కేక వేసుకుంటూ పోతున్నారు. ఆయన చేతిలోని కాగితాలు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆ రోజుల్లో మా ప్రోగ్రాముతో బాటు ఏది వస్తే దాన్నే ప్రామాణికం అనేవాళ్లం," అన్నారు చివరికి. "అది లోపలి పొరని కలుపుకునేదా, కలుపుకునేది కాదా... ఆ యంత్రం ఎప్పుడో తుక్కులోకి పోయింది. ఫైళ్లు దాంతోనే పోయినాయి. నేనైతే కలిపింటా. కలిపే ఉంటా. ఆకారం కూడా సర్దుకోనిచ్చే ఉంటా. ఇట్ల చెయ్యి, నా సంఖ్య వచ్చాది."

బయల్దేరేటప్పుడు వాకిలి దాకా వచ్చారు. "వచ్చాక నాకు ఫోన్ చెయ్యమ్మా," అని ఆ అమ్మాయితోనే చెప్పారు.

ఆయన చెప్పినట్టే, ఒక్క అమరిక కూడా మార్చకుండా, మళ్లీ చేశాం. ఆయన సంఖ్య రాలేదు. ఆ అమ్మాయి సంఖ్యా రాలేదు. గోడ మీద ఇంకో చోట ఇంకో చుక్క పడింది.

ఫోన్ ఆమే చేసింది. నేను పక్కనే ఉన్నాను. విషయం చెప్పింది.  అవతల నుంచి "సరేమ్మా" అని ఒక్క మాట, ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత వారాల తరబడి ఆయన నుంచి ఏ కబురూ లేదు. ఆ అమ్మాయి రెండు మూడుసార్లు నన్ను అడిగింది, "మేడం, మనం పోకుండా ఉండాల్సిందా?" అని.  ఒక మనిషి జీవితంలో ఒక మంచి సంఖ్య ఉంటే, దాని కింద ఏముందో తవ్వి చూపించడం అవసరమా అని నాకూ మధ్యాహ్నాల్లో అనిపించేది.

ఆమె తన గ్రంథంలో కొత్త అధ్యాయం ఒకటి చేర్చింది. మోడల్ చేసిన ప్రయత్నాలు, చుక్కలు, పెద్దాయన చెప్పిన అమరికలతో వచ్చిన జవాబు, అన్నీ పెట్టింది. తన సొంత లెక్కకి ప్రతి అమరికా, దాన్ని ఎందుకు ఎంచుకుందో రాసింది. రాసిన దాన్ని మళ్లీ మోడల్‌కే ఇచ్చి, సంఖ్యలు దాచి, చదివి చెయ్యమనేది. అది ఎక్కడ ఊహించాల్సి వచ్చిందో చూసుకుని ఆ వాక్యం తిరగరాసేది. ఇక ఎక్కడా ఊహించే పని లేకుండా, ఎన్నిసార్లు చేయించినా ఒకే సంఖ్య వచ్చేదాకా అలా రాస్తూ పోయింది. పరీక్షకుడు చదివి, నచ్చిందనీ చెప్పలేదు, నచ్చలేదనీ చెప్పలేదు. మౌఖిక పరీక్షకి వస్తానని మాత్రం రాశాడు.

ఆ రోజు ఉదయం సెమినార్ హాల్లో జనం బాగానే ఉన్నారు. మా సహోద్యోగి ఇస్త్రీ చొక్కా వేసుకుని, యంత్రాలని వదిలిపెట్టి వచ్చారు. ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టాక వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. పెద్దాయన. చేతిలో గుడ్డసంచి, చెప్పుల నిండా దుమ్ము. కడప నుంచి బస్సులో వచ్చినట్టున్నారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి చివరి వరసలో గోడ పక్కన కూర్చున్నారు. ఆమె చూసింది. చెప్పడం ఆపలేదు.

అంతా విని పరీక్షకుడు అడిగాడు. "ఇన్ని చుక్కలు చూపించారు. బాగానే ఉంది. మరి సరైన సంఖ్య ఏది?"

"ఆ పత్రం చదివి చెప్పలేం సార్," అంది. "నా సంఖ్య నా అమరికలతో వచ్చింది. ఆ అమరికలన్నీ ఇందులో రాసినా. ఎవరైనా చేసి చూడొచ్చు."

"ఇన్నేళ్లుగా అందరూ వాడుతున్న విలువని కాదంటున్నారా?"

"కాదనడం లేదు సార్. అది ఎట్ల వచ్చిందో తెలీదంటున్నా."

"పెద్దల పని గురించి తెలీదని ఇంత తేలికగా..."

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. పెద్దాయన లేచి నిలబడ్డారు.

"ఆ పత్రం రాసినోడిని నేనే," అన్నారు. హాలంతా వెనక్కి తిరిగింది. "ఆ పాప మా ఇంటికొచ్చి అడిగింది. నాకు గుర్తున్నదంతా చెప్పినా. నేను చెప్పినట్లే చేస్తే నా సంఖ్య రాలేదు. ఈ ప్రశ్న ఆ పాపని అడిగేది కాదు. నన్నడగండి."

పరీక్షకుడు తడబడ్డాడు. తర్వాత తేరుకుని, చిన్నగా నవ్వి, "సరే, మిమ్మల్నే అడుగుతున్నాను. ఎలా వచ్చింది?" అన్నాడు.

"నాకూ తెలీదు," అన్నారు పెద్దాయన.

ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నేను ఆయన నవ్వడం చూసింది అదే మొదలు. పత్రం అచ్చువేసిన పత్రికకి తానే రాశానని చెప్పారు. అమరికల వివరాలు పూర్తిగా లేవనీ, ఆ విలువని నమ్ముకుని ఎవరూ ముందుకు పోవద్దనీ ఒక గమనిక వేయమని అడిగారట. ఇన్ని వారాలు మాట్లాడకపోవడానికి కారణం కూడా చెప్పారు. "ఆ నాలుగు వాక్యాలు రాసేదానికి నాకు అంత కాలం పట్టింది," అన్నారు.

ఆ అమ్మాయికి పట్టా వచ్చింది. పరీక్షకుడు పోతూ పోతూ ఆ కొత్త అధ్యాయం ప్రతి ఒకటి అడిగి తీసుకెళ్లాడు. పెద్దాయన మాత్రం ఆమె దగ్గర గ్రంథం అడగలేదు, ఆమె లెక్క అమరికలు అడిగారు. "మా ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ ఉండాది. నా దగ్గరుండే ప్రోగ్రాము వేరేది, మీది గాదు. అయినా చేసి చూస్తా," అన్నారు. మోడల్‌తో ఎలా మాట్లాడాలో మా సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకున్నారు. ఆమె అమరికలని తన ప్రోగ్రాముకి అర్థమయ్యేలా మార్చి రాయడానికి అది కావాలి. "ఇది జవాబు చూసి లెక్క చేస్తాది సార్, భద్రం," అని మా సహోద్యోగి గట్టిగా హెచ్చరించారు. "అయితే జవాబు నాకూ చెప్పొద్దండి," అన్నారు పెద్దాయన. గ్రంథాన్ని అందుకే ముట్టుకోలేదు. హాల్లో తెర మీది అంకెలు చివరి వరసలో ఆయనకి కనపడనే లేదట.

తర్వాత నెలలు గడిచాయి. చలికాలం వచ్చింది. నేను రిటైరవుతున్నానని గదిలోని నా పుస్తకాలు ఒక్కొక్కటే ఇంటికి చేరుతున్నాయి. ఆ అమ్మాయికి వేరే ఊళ్లో పరిశోధన ఉద్యోగం దొరికింది. తన ఫైళ్లు అప్పగించి పోవడానికి ఒక మధ్యాహ్నం వచ్చింది. ముగ్గురం చల్లటి గదిలో కూర్చుని ఉన్నాం. చెప్పుకోవాల్సిన మాటలు అయిపోయాక కూడా ఎవరూ లేవలేదు. ఎండ కిటికీ అద్దం మీద పసుపుగా పడుతోంది. మోత అలాగే ఉంది. నాకు కళ్లు బరువెక్కుతున్నాయి.

ఆమె ఫోన్ మోగింది. పెద్దాయన.

"ఏమ్మా, అయిపోయింది," అన్నారు. ఆమె ఫోన్‌ని బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేసింది. "శానా రోజులు తీసుకునింది ఈ ముసలి కంప్యూటర్. మధ్యలో కరెంటు పోతే మళ్లా మొదట్నుంచి. నీ సంఖ్య నేనింకా చూళ్లేదు. నాకొచ్చింది చెప్తాండా, రాసుకో."

ఒక్కొక్క అంకె చదివారు. పాఠం చెప్పేటప్పటి గొంతుతో, అంకెకీ అంకెకీ మధ్య ఆగుతూ. మొదటిది. రెండోది. దశాంశ బిందువు. ఆ తర్వాతది. ఆమె రాసుకోవడం లేదు. కాగితం మీద పెన్ను ఆనించి అలాగే ఉంది. ఆ అంకెలు ఆమెకి కంఠతా వచ్చు. నాకూ వచ్చు. ఆఖరి అంకెలో మాత్రం కొంచెం తేడా ఉంది. వేరే ప్రోగ్రాము, వేరే యంత్రం, అంత తేడా ఉండాల్సిందే. మా సహోద్యోగి లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక, ఒక యంత్రం మీద చెయ్యి పెట్టారు.

"విన్నావా?" అన్నారు పెద్దాయన.

ఆమె కిటికీ వైపు చూడలేదు. ఫోన్ వైపే చూస్తోంది.

"సరిగ్గా వినపళ్లేదు సార్," అంది. "ఇంకోసారి చదువుతారా?"

ఆయన గొంతు సవరించుకుని మళ్లీ మొదటి అంకె నుంచి చదివారు.